మోకాలి వెనక నాడి

కాలు తీసేయడం సర్జరీలో తేలికైన పని. ఈ మాట మీ పుస్తకాల్లో ఉండదు, మీ ప్రొఫెసర్లు కూడా ఒప్పుకోరు. ఉద్యోగమంతా ప్రభుత్వ ఆసుపత్రుల్లో కత్తి పట్టి, రిటైరై, ఇప్పుడు బుక్కరాయసముద్రంలో ఇంట్లో కూర్చుని కనబడ్డవాళ్ళనల్లా తిట్టుకుంటూ బతుకుతున్న దాన్ని కనుక ధైర్యంగా చెబుతున్నాను. పేగు కుట్టడం కష్టం. మెడలో గడ్డ తీయడం కష్టం. కాలు తీయడానికి మంచి రంపం, ఆ కాలు పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే చాలు. ఎక్కడ తీయాలన్నదే కష్టం. అది తెలియాలంటే యంత్రాల కంటే ముందు మన వేళ్ళు పెట్టి చూడాలి, చూసినదాన్ని నమ్మాలి. ఈ రెండో పని దగ్గరే చాలామంది ఆగిపోతారు.

కొత్తగా సర్జరీలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏదైనా మంచి కేసు చెప్పండి మేడమ్ అంటారు. మంచి కేసు అంటే వాళ్ళ ఉద్దేశం నేను గెలిచిన కేసు. అవి నాకు సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నది ఇది. ఆసుపత్రి ఏదో చెప్పను, పేర్లూ చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది, మిగతావాళ్ళకు తెలిసి చేసేది కూడా ఏమీ లేదు.

ముందు నా సంగతి. మా వైపు డాక్టరమ్మ అంటే కాన్పుల డాక్టరనే లెక్క. హెర్నియాతో వచ్చిన రైతు నన్ను చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగి, "తప్పు వార్డుకు వచ్చినట్టుండాము" అని తమ్ముడితో చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. మా యూనిట్‌కు పెద్ద ఒక సీనియర్ సర్జన్. అందరూ ఆయన్ను పెద్దసారు అనేవాళ్ళు. ఆయన తర్వాత నేను. సంతకం ఆయనది, చాకిరీ నాది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. కడుపు కోయడంలో ఆయనంత చెయ్యి తిరిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పగిలిన పేగుతో వచ్చిన కూలివాళ్ళను ఎంతమందినో బతికించాడు. కాళ్ళంటే మాత్రం ఆయనకు విసుగు. పుండ్లూ, కట్లూ, నెలల తరబడి ఖాళీ కాని మంచాలూ ఆయన ఓపికకు సరిపడేవి కావు.

ఇక కాలి సంగతి. విసుక్కోకుండా వినండి, ఇది లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. తొడలోంచి వచ్చే పెద్ద రక్తనాళం మోకాలి వెనక, ఎముకకు దగ్గరగా, లోతుగా దిగుతుంది. మోకాలు దాటాక కొంచెం కిందనే చీలుతుంది. ఒక కొమ్మ రెండు ఎముకల మధ్య పై సందులోంచి ముందుకు దూరి, కాలి ముందు భాగం వెంట దిగి, పాదం మీదికి వస్తుంది. ఇంకొకటి పిక్క వెనక లోతుగా దిగి, లోపలి చీలమండ వెనకనుంచి అరికాలికి పోతుంది. మూడోది బయటివైపు సన్న ఎముకను ఆనుకుని దిగుతుంది. అది వేలికి తగలదు, పరీక్షల్లో ఎవరూ పెద్దగా అడగరు. మిగతా రెండూ మూసుకుపోయిన రోజున పాదాన్ని నెట్టుకొచ్చేది చాలాసార్లు అదే. రోగులకు నేను ఇదంతా చెరువు లెక్కన చెప్పేదాన్ని. తూము దగ్గర నీళ్ళున్నా కాలువ చివరి మడికి అందకపోవచ్చు అంటే చెరువు కింద సేద్యం చేసే శింగనమల రైతుకు ఇంకేమీ చెప్పే పని లేదు. పాదం చివరి మడి. దానికి నీళ్ళు అందుతున్నాయో లేదో తెలియాలంటే పైనుంచి కిందికి ఒక్కో చోటా వేలు పెట్టుకుంటూ రావాలి.

అతను ధర్మవరం వైపు పట్టుచీరలు నేసే మనిషి. నలభై దాటి ఉండవు. ఎడమ కాలి బొటనవేలి మీద మానని పుండుతో, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నన్ను చూడగానే ఆమెతో, "మగ డాక్టరు లేరా?" అని మెల్లగా అడిగాడు.

"ఉన్నారప్పా. ఆయనకు కాళ్ళు గిట్టవు. నాకు చూపించు," అన్నాను.

ఆమె నవ్వింది, అతను నవ్వలేదు. కాలు చాపి చెప్పడం మొదలుపెట్టాడు. "నడిస్తే పిక్క పట్టుకుంటాది మేడమ్. బస్టాండు కాడికి పోవల్లంటే నడమ నిలబడి నిలబడి పోవల్ల. మగ్గంలో కూచుంటే మాత్రం ఏమీ ఉండదు."

"పండుకుంటే?"

దీనికి ఆమె జవాబు చెప్పింది. "పండుకుంటే గదా మేడమ్ వచ్చిన తిప్పలు. పాదం మంట, మంట అని లేసి కూచుంటాడు. పోయి మగ్గం గుంటలోకి కాళ్ళు దించుకుంటాడు. అప్పుడు నిమ్మళం. ఊరికే కూచుంటే ఏం వస్తాదని నేస్తా కూచుంటాడు. మా వీధిలో ఆడోళ్ళంతా నీ మొగుని మాదిరి కష్టపడేటోడు లేడే అంటారు నాతో."

గుంట మగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేసే మనిషి నేల మట్టానికి కూర్చుంటాడు, కాళ్ళు గుంటలోకి వేలాడుతాయి, కింద చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాడు. రక్తం అందని పాదం మంచం మీద చాపితే మండుతుంది. కిందికి వేలాడదీస్తే, రక్తం తన బరువుకే కాస్త కిందికి దిగి, మంట తగ్గుతుంది. ఇంకొక పని చేసేవాడైతే కాలు నొప్పికి ఎప్పుడో పని మానేసి ఆసుపత్రికి వచ్చి ఉండేవాడు. ఇతనికి పనిలోనే సుఖం దొరికింది. రోగం ముదిరేకొద్దీ ఎక్కువ నేశాడు. మగ్గం అతని కాలిని బుజ్జగిస్తూ బుజ్జగిస్తూ మా దగ్గరికి రానివ్వలేదు. ఊళ్ళో ఆర్.ఎం.పి. నరాల బలహీనత అని చెప్పి సూదులు పొడిచాడు. మా జిల్లాలో తలనొప్పి నుంచి కాలి పుండు దాకా అన్నీ నరాల బలహీనతే.

"చూడండి మేడమ్, రకతం బాగానే ఉండాది, ఎర్రగా ఉండాది గదా," అని అతనే వేలాడుతున్న పాదాన్ని చూపించాడు. నిజమే, ఎర్రగా ఉంది. బల్ల మీద పడుకోబెట్టి ఆ కాలు పైకెత్తి పట్టుకున్నాను. చూస్తుండగానే పాదం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది. కిందికి దించితే మెల్లమెల్లగా మళ్ళీ ఎర్రబడింది. ఆ ఎరుపు మంచిది కాదని వాళ్ళిద్దరికీ నచ్చజెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తొడ మొదట్లో నాడి గట్టిగా ఉంది. మోకాలు కొంచెం మడిచి, రెండు చేతుల వేళ్ళూ వెనక ఎముకకేసి నొక్కి పట్టుకుంటే అక్కడా చక్కగా కొట్టుకుంటోంది. చీలమండ వెనక లేదు. పాదం మీద లేదు.

"బీడీలు తాగుతావా?"

"మగ్గం ఆగినా బీడీ ఆగదు మేడమ్," అంది భార్య.

ఈ రోగం బీడీ తాగే, వయసులో ఉన్న మగవాళ్ళ కాళ్ళలోని చిన్న నాళాలను వెతుక్కుంటూ వచ్చి మూస్తుంది. దానికి మందుల కంటే పెద్ద వైద్యం బీడీ పారేయడం. వేళ్ళు పోయాక మిగిలిన మొండి వేళ్ళ మధ్య బీడీ ఇరికించుకుని తాగినవాళ్ళను చూశాను కాబట్టి ఇతని మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోలేదు. "బీడీయా, కాలా, ఏదో ఒకటి ఎంచుకో" అని మాత్రం చెప్పాను. అతను జేబులోని కట్ట తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ముట్టలేదు. వార్డులో పక్క మంచం వాళ్ళు ఆశ చూపినా ముట్టలేదని సిస్టర్ చెప్పింది. అప్పుడు నాకు ఆశ పుట్టింది. ఆశపడటం నాకు అలవాటు లేని పని, చేతకాదు కూడా.

రక్తనాళాల డాక్టరు ఉన్న పెద్ద ఊరికి పంపి పరీక్షలు చేయించాను. మోకాలి వెనక వరకూ నాళం శుభ్రంగా ఉందనీ, కింద కొమ్మలు మూసుకుపోయాయనీ, కొత్త నాళం అతికించడానికి కింద చోటు లేదనీ చెప్పి పంపారు. బీడీ మానితే, పుండు జాగ్రత్తగా చూసుకుంటే ఒక్క బొటనవేలితోనే సరిపోవచ్చు. చెయ్యి దాటితే మోకాలి కింద తీయాల్సి రావచ్చు. నేను అనుకున్నదీ అదే. మా వార్డులో మంచం ఇచ్చి, కట్లు మొదలుపెట్టాం.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. పొద్దస్తమానం కాలు వేలాడదీసుకుని కూర్చుంటే పాదం వాస్తుంది. వాచిన కాలికి ఆసుపత్రుల్లో ఉన్న అలవాటు ఒకటే. మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి పైకెత్తడం. దెబ్బ తగిలిన కాలికి, చీము పట్టిన కాలికి అది మంచి పనే. రక్తం ఎక్కలేని కాలికి అది కాలువకు అడ్డంగా కట్ట వేయడం. నేను ఇటుకలు తీయించేదాన్ని, మరునాటికి ఎవరో ఒకరు మళ్ళీ పెట్టేవాళ్ళు. ఎవరి తప్పూ కాదు, వాచిన కాలు కనిపిస్తే వాళ్ళ చేతులు ఇటుకల కోసం వెళ్తాయి. ఇతను నొప్పికి తాళలేక దిగి కిటికీ దగ్గర కాళ్ళు వేలాడదీసుకుని కూర్చునేవాడు. వార్డులో అతనికి మొండోడని పేరు పడింది.

వార్డు సిస్టర్ ఉరవకొండ మనిషి, నోరు పెద్దది, మనసు మంచిది. ఒకరోజు ఆమెను పిలిచి కాలు ఎత్తి, దించి చూపించాను. తెల్లబడటం, ఎర్రబడటం చూసింది. "ఇట్లా అని ముందే చెప్పల్ల గదా మేడమ్. అనవసరంగా ఆయప్పను ఎన్ని మాటలంటిమో," అని ఇటుకలు మోయించి బయట పారేయించింది. ఆ తర్వాత కొన్నాళ్ళు బాగానే గడిచింది. పుండు అంచుల్లో ఎర్రటి చిగురు కనిపించింది. బొటనవేలు ఎండి, దానంతట అది ఊడిపోయేలా ఉంది. మిగతా పాదం నిలబడుతుందనే అనిపించింది.

పెద్దసారు రౌండ్స్‌కు వచ్చి, "ఇతను ఇంకా ఉన్నాడా?" అనేవాడు. వేలాడుతున్న కాలు చూసి, "ఆ వాపేమిటి? పైకి పెట్టమ్మా," అనేవాడు. నేను వివరించేదాన్ని, ఆయన తల ఊపి ముందుకు పోయేవాడు. ఒకరోజు రౌండ్స్ అయ్యాక నన్ను ఆపి చెప్పాడు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గొర్రెల కాపరి ఇలాంటి కాలితోనే వచ్చాడట. ముందు వేళ్ళు తీశాడు, మానలేదు. మోకాలి కింద తీశాడు, మానలేదు. తొడ దగ్గర తీసేనాటికి ఒళ్ళంతా విషమెక్కి ఆ మనిషి పోయాడు. "వాళ్ళ నాయన శవం తీసుకునిపోతా ఒకటే అడిగినాడు నన్ను, ఇన్ని తూర్లు యాల కోస్తివి సారూ అని. ఆ పొద్దు అనుకున్నా. కోస్తే ఒక్కసారే కోయల్ల, మానే చోటే కోయల్ల." అది చెబుతున్నప్పుడు ఆయన మామూలుగా దాచుకునే మా జిల్లా మాట బయటపడింది. నాకు ఆయన మీద జాలి కలిగింది. తర్వాత ఆ జాలిని వెనక్కి తీసుకున్నాను.

ఆ వారమే నాకు ఉరవకొండ కోర్టు నుంచి పిలుపు వచ్చింది. ఎప్పుడో కొడవలి గాయాలకు నేను సర్టిఫికెట్ ఇచ్చిన కేసు. ప్రభుత్వ డాక్టరు కోర్టుకు పోకపోతే వారంటు వస్తుంది. పోయాను. రోజంతా వరండాలో కూర్చోబెట్టి, వకీలు రాలేదు రేపు రండి అన్నారు. మరునాడు రాజీ కుదిరిందన్నారు, నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. తిరిగి ఆసుపత్రికి వచ్చేసరికి అతని మంచం కాళ్ళ వైపు ఇటుకలున్నాయి. ఎడమ కాలు పైకెత్తి, కిందికి దించకుండా గుడ్డ పట్టీతో మంచం కమ్మీకి కట్టేసి ఉంది. పాదం చీలమండ వరకూ నల్లగా, మీద బొబ్బలతో ఉంది. మనిషికి జ్వరం పేలిపోతోంది.

పట్టీ విప్పుతూ ఎవరు కట్టారని అరిచాను. సిస్టర్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేనేం చేయల్ల మేడమ్? మీరు చెప్పినారని చెప్తి. సారు ఎదురుగ్గా నిలబడి కట్టించినాడు. వాపు దిగేదాకా ఇప్పితే మెమో ఇస్తానన్నాడు." భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. "ఇప్పమని కాళ్ళా వేళ్ళా పడినాడు మేడమ్. నేనే వద్దంటి. పెద్దసారు చెప్పినాడు గదా, ఓర్చుకో అంటి," అంది. ఆమె చేసింది ఏ భార్య అయినా చేసే పనే.

ఇక పాదం దక్కదు. చీము పైకి పాకకముందే తీసేయాలి. ఎక్కడ తీయాలన్నదొక్కటే మిగిలింది. మళ్ళీ మోకాలు మడిచి వెనక వేళ్ళు పెట్టాను. నాడి అలాగే కొట్టుకుంటోంది. మోకాలి కింద చర్మం వెచ్చగా, మామూలుగా ఉంది.

అతనికి విషయం చెప్పాను. జ్వరంలోనే నా చెయ్యి పట్టుకుని అడిగాడు. "మోకాలు ఉంచండి మేడమ్. పాదం పోతే పోనీ. మోకాలు ఉంటే గుంటలో కూచుంటా. కట్టెకాలు పెట్టుకుని చెక్క తొక్కుతా. మా వీధిలో ఒకాయన అట్లనే నేస్తాండాడు. మోకాలు లేకపోతే చెక్క యట్ల తొక్కేది?" తొక్కాలంటే మోకాలు మడవాలి, నెట్టాలి. తొడ మొండికి తగిలించిన కాలు ఆ పని చేయదు. నేత తప్ప అతనికి ఇంకొక పని రాదు. అతను అడిగింది మోకాలు కాదు, తన పని. నా చేతనైనంత వరకూ చూస్తానన్నాను.

పెద్దసారు గదికి వెళ్ళాను. తలుపు సరిగ్గా పడదు, వార్డు ఆ పక్కనే. మా మాటలు బయటికి వినిపిస్తాయని నాకు తెలుసు, అప్పుడు పట్టించుకోలేదు.

"మోకాలి వెనక నాడి కొట్టుకుంటోంది సార్. కింద తీస్తే మానుతుంది."

"ఇదే మాట పాదం గురించి కూడా చెప్పినావు. ఏమైంది?"

"మీరు పైకి కట్టించారు సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే నేను చెడగొట్టినానా? వాచిన కాలు పైకి పెట్టకూడదని నాకు నేర్పిస్తావా?"

"నేర్పించను. ఒక్కసారి వచ్చి వేళ్ళు పెట్టి చూడండి. నాడి తగలకపోతే మీరు చెప్పినచోటే తీయండి, నేనే పట్టుకుంటాను."

"చూసేదేముందమ్మా. కింద కోస్తే మానదు. మళ్ళీ పైకి పోవాలి. అప్పటికి మనిషి ఉండడు. వాళ్ళ పెండ్లానికి నువ్వు చెప్తావా?"

ఆయన లేవలేదు. ఆ కుర్చీకి, అతని మంచానికి మధ్య ఉన్నది ఒక గోడ మాత్రమే. లేచి వచ్చి వేళ్ళు పెడితే నాడి తగులుతుందని ఆయనకు తెలుసని నా అనుమానం. తగిలితే, నేను చెప్పింది నిజమని, గుడ్డతో కట్టించింది కూడా తప్పేనని ఒప్పుకోవాలి. సూపరింటెండెంట్ దగ్గరికి పోయాను. యూనిట్ సంగతి యూనిట్‌లోనే తేల్చుకోండమ్మా అన్నాడు. ఇంకొక ఊరికి తీసుకుపొమ్మని భార్యకు చెప్పాను, అంబులెన్సు నేను మాట్లాడతానన్నాను. జ్వరంతో కాలిపోతున్న మనిషిని చూసి ఆమె, "ఇంగ యాడికీ తిరగలేము మేడమ్. ఈడనే ఏదో ఒకటి చేయండి," అంది.

థియేటర్లో సాయానికి నేను ఆయన ఎదురుగా నిలబడ్డాను. నిలబడకపోతే ఇంకెవరో నిలబడేవారు, పని అక్కడే జరిగేది. పెద్దసారు మోకాలికి పైన, తొడ మీద కత్తి పెట్టాడు. కండరం తెగగానే ఎర్రటి రక్తం నాలుగు వైపుల నుంచీ చిమ్మింది. చిన్న చిన్న నాళాలు కూడా బలంగా చిమ్ముతున్నాయి. కట్టడానికి మాకు చేతులు చాలలేదు. ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. "చూసినావా, రక్తం భలే ఉంది. ఈ కుట్టు మానకపోతే నన్నడుగు," అన్నాడు. అంత రక్తం ఉన్న కాలికి మోకాలు ఎందుకు పోవాలని నేను ఆయన్ను అడగలేదు. చిమ్ముతున్న ఇంకొక నాళాన్ని పట్టి ముడి వేశాను.

కుట్లు వేశాక, తీసేసిన కాలిని పక్క బల్ల మీద పెట్టించి, మోకాలి వెనక కోసి చూశాను. పెద్ద నాళం లేత తీగలా మెత్తగా, బోలుగా ఉంది. లోపల మరక కూడా లేదు. మోకాలు దాటి, చీలిన చోటు దాటి, ఇంకా కొంత కిందికి వెళ్ళాకనే అది గట్టిపడింది. అక్కడి నుంచి నాళమూ, దాని పక్క సిరా, నరమూ ఒకదానికొకటి అతుక్కుని పురికొసలా తయారయ్యాయి. మోకాలి కింద తీసి ఉంటే మానడానికి కావలసినంత మంచి కాలు అక్కడ ఉంది. పెద్దసారును పిలిచి చూపించాను. ఆయన వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, చాలా శ్రద్ధగా చూశాడు.

"బాగుందమ్మా. పిల్లలకు చూపించు. పరీక్షలో ఇదే అడుగుతారు."

చూపించాను. హౌస్ సర్జన్లు చుట్టూ మూగి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఇది ముందు కొమ్మ, ఇది వెనక కొమ్మ, ఇది సన్న ఎముక వెంట పోయేది అని నేను చక్కని గొంతుతో పాఠం చెప్పాను. అంత స్పష్టంగా నేను ఆ పాఠం ఎన్నడూ చెప్పలేదు. వాళ్ళలో ఒక అమ్మాయి, "నాళం ఇంత బాగుంటే మోకాలు ఎందుకు తీశారు మేడమ్?" అంది. పెద్దసారు పక్కనే చేతులు కడుక్కుంటున్నాడు. మంచి ప్రశ్న, సార్‌ను అడుగు అన్నాను. ఆ అమ్మాయి ఆయన వైపు చూసి, నోరు మూసుకుంది. ఇప్పుడు ఎక్కడో పెద్ద ఆసుపత్రిలో సర్జన్‌గా ఉందని విన్నాను. బాగా పైకి వచ్చి ఉంటుంది.

మీరు ఈ కథలో చెడ్డవాడి కోసం వెతుకుతుంటారు. పెద్దసారు సోమరి కాడు, ఎవరి దగ్గరా చెయ్యి చాపిన మనిషి కాడు. చచ్చిపోయిన గొర్రెల కాపరిని ఏళ్ళ తరబడి మోస్తూ తిరిగాడు, ఆ బరువు తెచ్చి ఈ నేతగాడి మీద దించాడు. అందుకే నాకు ఆయన మీద కోపం ఇంకా చల్లారలేదు. చెడ్డవాడైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

గాయం అద్భుతంగా మానింది. ఒక్క కుట్టు చీము పట్టలేదు. కొన్ని వారాలకు ఇద్దరూ ఓపీకి వచ్చారు. అతను చంకకర్రల మీద, ఆమె పక్కన సంచి పట్టుకుని. మొండి మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా, మెత్తగా ఉంది. బాగుంది అన్నాను. మగ్గం ఎవరికో అద్దెకిచ్చామని, తాను ఇళ్ళలో పనికి పోతున్నానని భార్య చెప్పింది. అతను ఓపీలో జనం పలచబడే దాకా బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఒక మాట అడుగుతా, నిజం చెప్పండి. ఆ పొద్దు మీరు పెద్దసారుతో వాదులాడతాంటే నేను వింటి. మోకాలి కాడ నాడి కొట్టుకుంటాండాది అంటిరి. తీసినాంక మీరు కోసి చూసినారంట గదా, సిస్టరమ్మ చెప్పింది. నా మోకాలు బాగుండిందా?"

ఆమె సంచి పక్కన పెట్టి నా ముఖం వైపే చూస్తోంది. ఇద్దరూ ఈ ప్రశ్నను ఇంట్లో ఎన్నిసార్లు నలిపి ఉంటారో వాళ్ళను చూస్తేనే తెలుస్తోంది. నిజం చెబితే అతనికి మోకాలు రాదు. ఒక గది అవతల కూర్చున్న మనిషి లేచి రాకపోవడం వల్ల నీ పని పోయింది అని చెబితే, ఆ మాటను అతను ఏం చేసుకోవాలి? ఆ చంకకర్రలతో ఏ కోర్టు మెట్లని ఎక్కాలి? పైగా పట్టీ విప్పొద్దని ఓర్చుకోమన్నది ఆ పక్కన నిలబడ్డ ఆమె. ఆమె కూడా వింటుంది.

"లేదప్పా," అన్నాను. "నాదే పొరపాటు. కోసి చూస్తే మోకాలు కూడా లోపల చెడిపోయి ఉంది. ఉంచి ఉంటే మనిషివే ఉండేవాడివి కావు."

అతను గట్టిగా ఊపిరి వదిలి భార్య వైపు తిరిగాడు. "చూస్తివా? ఇన్ని దినాలు పెద్దసారును ఊరికే తిడ్తిమి. పాపం తగులుతాది. పా, పోయి చెప్పి వద్దాం." ఆమె ముఖం కూడా తేలికపడింది. నా వైపు తిరిగి, "మీరు ఆశ పెట్టకపోయింటే ముందే కోయించుకునేటోళ్ళం మేడమ్, ఇంత యాతన ఉండేది కాదు," అంది. తప్పుపడుతున్నట్టు కాదు, మామూలుగానే అంది. అవునమ్మా అన్నాను.

నేనూ వాళ్ళ వెనకే వెళ్ళాను. పెద్దసారు గది తలుపు తెరిచే ఉంది. లోపల ఆయన టీ తాగుతున్నాడు. అతను గుమ్మంలో నిలబడి, తప్పయిందని, మీరే బతికించినారని చెప్పాడు. పెద్దసారు కప్పు కింద పెట్టి నవ్వాడు, అతని భుజాల మీదుగా నా వైపు ఒకసారి చూశాడు. అతను వంగబోయి, చంకకర్రలు జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. వంగడం తన వల్ల కాదని తెలిసి, భార్యకు సైగ చేశాడు. ఆమె లోపలికి వెళ్ళి పెద్దసారు కాళ్ళకు మొక్కింది.